ప్యానెల్ ఆఖర్న, సీలింగ్ డ్రాయింగ్ ముందు: ఫైర్ అలారం పనిలో నా అనుభవం

మాదాపూర్‌లో ఒక సెల్లార్, పైన ఆరు అంతస్తులున్న ఆఫీసు భవనానికి ఫైర్ అలారం డిజైన్ నుంచి టెస్టింగ్ దాకా నేనే చూశాను. ఎత్తు 15 మీటర్లు దాటింది కాబట్టి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. యజమానులు ముందు అడిగేది ప్యానెల్ (డిటెక్టర్ల నుంచి కబురు అందుకుని అలారం మోగించే కంట్రోల్ పెట్టె) ఏ కంపెనీదని. నేను మాత్రం సీలింగ్ డ్రాయింగ్ చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాను.

ఫైర్ అలారాల భారత ప్రమాణం ఐఎస్ 2189 లెక్కన గదిలో ఏ మూల నుంచి చూసినా స్మోక్ డిటెక్టర్ 7.5 మీటర్లలోపే ఉండాలి. చదరంగా పరిస్తే రెండిటి మధ్య 10.6 మీటర్లు, అంటే ఒక్కోదానికి సుమారు 112 చదరపు మీటర్లు. 900 చదరపు మీటర్ల ఖాళీ ఫ్లోర్‌కి ఎనిమిది, తొమ్మిది చాలనిపిస్తుంది. క్యాబిన్లు, ప్యాంట్రీ, సర్వర్ రూమ్, ఎలక్ట్రికల్ షాఫ్ట్ వచ్చాక మాకు ఫ్లోర్‌కి 22 పట్టాయి. సీలింగ్‌కి 30 సెంటీమీటర్ల దగ్గర దాకా లేచిన పార్టిషన్‌ని గోడగానే లెక్కేయాలి. ఫాల్స్ సీలింగ్ పైన 80 సెంటీమీటర్లు మించి ఖాళీ ఉంటే అక్కడా డిటెక్టర్ పెట్టి, దాని ఇండికేటర్ లైటు కింద కనిపించేలా దించాలి. ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెడితే పొగ దరిచేరదు.

ప్యాంట్రీలో హీట్ డిటెక్టర్ వేశాం. దానికి వ్యాసార్ధం 5.3 మీటర్లే. సెల్లార్‌లోనూ బండ్ల పొగ వల్ల హీటే వాడటం అలవాటు. కానీ స్కూటర్ల చార్జింగ్ పాయింట్లున్న మూలలో పొగనీ వేడినీ రెండిటినీ పట్టే మల్టీ సెన్సార్ పెట్టించాను. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన పొగ పైనున్న హోటల్‌కి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. ఆ మూల దగ్గర రాజీ పడలేను.

అసలు తిప్పలు కేబుల్‌తోనే. అడ్రసబుల్ లూప్‌లో, అంటే ఒక్కో డిటెక్టర్‌కి సొంత అడ్రసు ఉండి, ప్యానెల్ నుంచి బయల్దేరి మళ్లీ ప్యానెల్‌కే తిరిగొచ్చే కేబుల్‌లో, ఒక్క షార్ట్ పడితే లూప్ మొత్తం పోతుంది. అందుకే ప్రతి ఫ్లోర్‌లో లూప్ లోపలికి వచ్చేచోట, బయటికి వెళ్లేచోట, షార్ట్ పడ్డ ముక్కని మాత్రమే విడదీసే ఐసోలేటర్ వేశాం. వెళ్లే కేబుల్, తిరిగొచ్చే కేబుల్ ఒకే షాఫ్ట్‌లో దించితే లూప్ వేసి ప్రయోజనం లేదు; ఒకే చోట కాలితే రెండూ తెగుతాయి.

హూటర్లకి (అలారం సైరన్లు) వెళ్లే తీగలో ఎన్ని వోల్టులు పోతాయో చాలామంది లెక్క వేయరు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి కిలోమీటరుకి దాదాపు 12 ఓమ్‌లు. 200 మీటర్ల దూరమంటే రానూపోనూ 400 మీటర్లు, 4.8 ఓమ్‌లు. 0.8 ఆంపియర్లు లాగితే దాదాపు 4 వోల్టులు దారిలోనే పోతాయి. కరెంటు పోయి 24 వోల్టుల బ్యాటరీ 21కి దిగిందంటే ఆఖరి హూటర్‌కి 17 మిగులుతుంది, గొంతు సన్నబడుతుంది. సర్క్యూట్‌ని రెండుగా విడగొడితే కరెంటు సగమై, డ్రాప్ కూడా సగమవుతుంది. అద్దాల తలుపు మూసిన కాన్ఫరెన్స్ రూమ్‌లో మీటర్ 58 డెసిబెల్స్ చూపింది. కావలసింది 65, కాబట్టి లోపల ఇంకో హూటర్ పెట్టాం.

బ్యాటరీకి: మామూలప్పుడు 0.4 ఆంపియర్లు 24 గంటలు, అలారంలో 1.6 ఆంపియర్లు అరగంట, మొత్తం 10.4 ఆంపియర్-అవర్లు (ఏహెచ్). పాతబడితే తగ్గేదానికి పావు వంతు కలిపితే 13. బజారులో దొరికే 18 ఏహెచ్‌వి రెండు సిరీస్‌లో వేశాం.

మెగ్గర్ (కేబుల్ ఇన్సులేషన్ పరీక్ష) చేసేటప్పుడు డిటెక్టర్లు, ప్యానెల్ విప్పి ఉండాలి. 500 వోల్టులకి వాటి కార్డులు కాలిపోతాయి. తొలకరి వానలకే ఎర్త్ ఫాల్ట్ (తీగ నుంచి భూమికి లీకేజీ) వచ్చింది. టెర్రస్ మీది జంక్షన్ బాక్స్‌కి కేబుల్ లోపలికి దూరే గ్లాండ్ పైవైపు బిగించారు, నీళ్లు అందులోంచే దిగాయి. కింది వైపుకి మార్చాక పోయింది. సీలింగ్ సాండింగ్ అయిపోయేదాకా డిటెక్టర్ల దుమ్ము క్యాపులు తీయనివ్వలేదు. జిప్సం పొడి ఒకసారి లోపలికి చేరిందంటే దొంగ అలారాలు ఆగవు, విసిగిపోయిన గార్డు హూటర్లు సైలెంట్‌లో పెట్టేస్తాడు.

టెస్టింగ్‌లో ప్రతి డిటెక్టర్‌కీ స్మోక్ స్ప్రే కొట్టి, ప్యానెల్ మీద వచ్చిన పేరు సరైన గదిదేనా అని ఇద్దరం ఫోన్లలో సరిచూశాం. రెండు చోట్ల అడ్రసులు తారుమారయ్యాయి. లిఫ్టులు కిందికి దిగడం, ఏసీ గాలిని తోసే ఏహెచ్‌యూలు ఆగడం, యాక్సెస్ తలుపులు తెరుచుకోవడం కూడా అప్పుడే చూశాం. ప్యానెల్ పక్కన జోన్ చార్టుని తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించాం: "3వ అంతస్తు, ప్యాంట్రీ, లిఫ్టుకి ఎడమ వైపు". రాత్రి డ్యూటీ గార్డు దాన్ని చదివి, అడగకుండా నేరుగా అక్కడికే వెళ్లాడు.