జుగ్మా: ఆనకట్ట నీటిలో మునిగిన రోమన్ నగరం

మన వాళ్లలో టర్కీ వెళ్లేవారు చాలామంది ఇస్తాంబుల్, కప్పడోకియా చూసి తిరిగి వచ్చేస్తారు. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు పోగొట్టుకున్న మా పాలమూరు వారు మాత్రం సిరియా సరిహద్దుకు దగ్గరలో ఉన్న గాజియాంతెప్ దాకా వెళ్లి, అక్కడి జుగ్మా మొజాయిక్ మ్యూజియం తప్పక చూడాలని నా గట్టి అభిప్రాయం.

జుగ్మా నగరాన్ని యూఫ్రటీస్ నది రేవు దగ్గర క్రీ.పూ. 300 ప్రాంతంలో స్థాపించినవాడు సెల్యూకస్. చంద్రగుప్త మౌర్యునితో సంధి చేసుకున్నది ఈయనే. రోమన్ల కాలంలో వర్తకంతో, సైనిక స్థావరంతో కళకళలాడిన ఆ నగరంలో కొంత భాగం 2000లో బిరెజిక్ ఆనకట్ట నిండడంతో మునిగిపోయింది. ఒకవైపు నీరు ఎక్కుతుండగానే పురావస్తు శాస్త్రవేత్తలు మొజాయిక్ గచ్చులను (చిన్న రాతి ముక్కలు కూర్చి బొమ్మలు వేసిన నేలలను), గోడలపై చిత్రాలను జాగ్రత్తగా పెకలించి ఒడ్డుకు చేర్చారు. 2011లో తెరిచిన ఈ మ్యూజియంలో వాటిని కేవలం గోడలకు తగిలించి ఊరుకోలేదు; స్తంభాల నడుమ నేల మీద పరిచి, అవి ఒకప్పటి ఇళ్లలో ఎలా ఉండేవో తెలిసేలా అమర్చారు.

‘జిప్సీ బాలిక’ అనే మొజాయిక్‌కు ప్రత్యేకంగా ఒక చీకటి గది కేటాయించారు. మిగిలింది ముఖంలో కొంత భాగమే అయినా, చిన్న చిన్న రాతి ముక్కలతో కూర్చిన ఆ కళ్లు మనం ఎటు జరిగినా మనల్నే చూస్తున్నట్టుంటాయి. అదే గచ్చు నుంచి దొంగలు తవ్వుకుపోయిన 12 ముక్కలు 2018లో అమెరికా నుంచి తిరిగి వచ్చాయి.

మన కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా ముంపు నుంచి కాపాడటానికి ఏ రాయికా రాయి విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అది చిన్న పని కాదు. ఆ గుడి ఏ ఒడ్డున ఉండేదో, చుట్టూ ఎవరెవరి ఇళ్లు ఉండేవో ఇప్పటి పిల్లలకు పటాలతో, ఫొటోలతో చూపే ఒక గది కూడా ఉండాలని నా కోరిక. కూడవెల్లిని కళ్లారా చూసిన పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.

మ్యూజియం చూశాక, జుగ్మా నగరం ఉన్న చోటైన బెల్కిస్ దగ్గరి తవ్వకాలకు వెళ్లాలి. మునగకుండా మిగిలిన ఇళ్లను అక్కడ పైకప్పు వేసి కాపాడుతున్నారు. అదే జలాశయం మీద హల్ఫెతి నుంచి పడవలో వెళ్తే సగం మునిగిన ఊరు, నీటిలో నిలిచిన మసీదు మినార్ కనిపిస్తాయి. అక్కడి వేసవి మన మే నెల ఎండను తలపిస్తుంది కనుక ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్లడం మేలు.