పాత గోవాలో తాతయ్య పేరు

గోవా అనగానే అందరూ బీచ్‌ల గురించే అడుగుతున్నారు. వానాకాలంలో వెళ్ళాను, మొదటి రెండు రోజులూ కిటికీలోంచి వాన చూడటంతోనే సరిపోయింది. నాకు గుర్తుండిపోయింది మూడో రోజు, పాత గోవా వెళ్ళిన పూట.

పణజి నుంచి పది కిలోమీటర్లు ఉంటుందేమో, టాక్సీ అతను 700 అడిగాడు. ఒళ్ళు మండింది. గుంటూరు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్టుకి కూడా అంత పెట్టలేదు. బస్టాండుకి నడిచి వెళ్ళి ఒక చిన్న బస్సు ఎక్కాను. మాండవి నది పక్కనే, రిబందర్ మీదుగా పోతుంది. పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్ళో మైనంతో చేసిన చిన్న పాదం. మోకాలి నొప్పి తగ్గాలని మొక్కుకుందట. మన దగ్గర గుణదల కొండకి తలనీలాలు మొక్కుకున్నట్టే కదా అనిపించింది. ఎక్కడికని హిందీలో అడిగింది. బోమ్ జీసస్ గుడికి, అంటే అక్కడి పాత చర్చికి అన్నాను. "సాయబ్ దగ్గరికా!" అని ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ గుడిలో సమాధి ఉన్న క్రైస్తవ పునీతుడు ఫ్రాన్సిస్ జేవియర్ గారిని అక్కడ 'గోయేంచో సాయబ్' అంటారు, గోవా దొర అని. మాటల్లో వాళ్ళాయన పేరు చెప్పింది: "షావియేర్".

ఆ మాట చెవిన పడగానే ఉలిక్కిపడ్డాను.

మా వైపు క్యాథలిక్ క్రైస్తవుల్లో శౌరయ్యలు, శౌరమ్మలు, శౌరిరాజులు వీధికొకరు ఉంటారు. మా తాతయ్యా శౌరయ్యే. స్కూల్లో తెలుగు మాస్టారు "శౌరి అంటే విష్ణుమూర్తిరా, మీ ఇంట్లో ఆ పేరెలా వచ్చింది?" అని అడిగితే నాకు జవాబు తెలియలేదు. ఇంట్లో అడిగితే పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పేరని చెప్పారు. జేవియర్ శౌరి ఎలా అయ్యాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. పోర్చుగీసు వాళ్ళు ఆ పేరులో మొదటి అక్షరాన్ని 'ష' అని పలుకుతారు. ఆవిడ నోట విన్నాక శౌరి ఎక్కణ్ణుంచి వచ్చాడో అర్థమైంది. నేను "శౌరి" అన్నాను, ఆవిడ "షౌరి, షౌరి" అని రెండుసార్లు అనుకుని నా చెయ్యి పట్టుకుంది.

గుడి ముందు నిలబడితే మొదట బాధేసింది. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠించిన గుడి. 1950లలో బయటి సున్నపు పూత తీసేశారట, లోపలి ఎర్రరాయి కనిపించేలా. ఆ రాయి వానకి కరిగిపోతోంది. గోడ మీద చెయ్యి పెడితే తడి ఎర్రమట్టి వేళ్ళకి అంటుకుంది. మళ్ళీ పూత వేయాలని అక్కడివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. వేయాలి. ఆలస్యం చేసే కొద్దీ రాయి పోతూనే ఉంటుంది.

లోపల పీఠమంతా బంగారు పూత. మధ్యలో జెస్యూట్ గురువుల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా పెద్ద విగ్రహం, కాళ్ళ దగ్గర చిన్న బాల ఏసు. ఫిరంగిపురం బాల ఏసు గుడి గుర్తొచ్చి అక్కడే కాసేపు కూర్చున్నాను. కుడివైపు శౌరివారి సమాధి. ఆయన 1552లో చైనా ఒడ్డున ఒక దీవిలో చనిపోతే, శరీరాన్ని మలక్కా మీదుగా 1554లో గోవాకి తెచ్చారు. ఇప్పుడది వెండి పెట్టెలో ఉంది. పెట్టె కిందున్న పాలరాతి కట్టడాన్ని టస్కనీ ప్రభువు మూడో కోసిమో పంపించాడు. పెట్టె చాలా ఎత్తులో ఉంది, మెడ ఎత్తి చూసినా ఆయన రూపం సరిగ్గా ఆనలేదు. అయినా వెనక్కి రాబుద్ధి కాలేదు. తాతయ్య పేరు మెల్లగా పైకే అన్నాను.

రోడ్డుకి అవతలే సే కెథడ్రల్. రెండు గోపురాల్లో ఒకటి 1776లో కూలిపోయింది, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. చూశాను కానీ మనసు ఇవతలే ఉండిపోయింది.

రాత్రి ఫోన్‌లో అమ్మకి బస్సులో ఆవిడ గురించి చెప్పాను. "షావియేర్ అందా? మళ్ళీ అను" అంది. పదేళ్ళకోసారి ఆ పెట్టెని కిందికి దించి అందరికీ చూపిస్తారు, కిందటిసారి 2024 నవంబరులో మొదలై 2025 జనవరిలో ముగిసింది. మళ్ళీ దించే దాకా అమ్మ ఆగనంటోంది. ఏటా డిసెంబరు 3న ఆయన పండుగ. ఆ రోజుకి ఇద్దరికీ లోయర్ బెర్తులు దొరుకుతాయేమోనని రోజూ చూస్తున్నాను.