చెలికత్తె మాట మా గొంతులో: నా అనుభవం

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి అన్నమయ్య కొత్త కాదు. గుడి మైకుల్లో, పెళ్లి మంటపాల్లో, ఫోన్ రింగ్‌టోన్లలో వినబడుతూనే ఉంటాడు. కూర్చుని నేర్చుకుంటే ఎలా ఉంటుందో మాత్రం మా వీధి భజన మండలిలో చేరాకే తెలిసింది.

మొదట్లో అంతా నామసంకీర్తనే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లం అందుకోవాలి. చేతికి తాళాలిచ్చి గోవిందా అంటే ఎవరైనా ఇట్టే కలిసిపోతారు. తర్వాత మాకు నేర్పే అక్క 'ఏమొకో చిగురుటధరమున' మొదలుపెట్టింది. టెన్షన్ అక్కడే.

అది శృంగార కీర్తన. నాయికను చూసి చెలికత్తెలు గుసగుసలాడుకుంటారు. పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటి ఉంది, ఆమె స్వామికి రాసిన ఉత్తరం కాదు కదా అని. మీసాలున్నవాళ్లం ఈ మాటలు ఎట్లా పాడేది? "ఏదైనా తత్వం చెప్పక్కా" అన్నాడు మాలో పెద్దాయన. "రాసినాయనా మగాడే కదన్నా" అనింది అక్క.

నిజమే. అన్నమయ్య (1408–1503) 32,000 కీర్తనలు చెప్పాడంటారు. రాగిరేకుల మీద దొరికిన 12,000 పైచిలుకులో ఎక్కువ భాగం శృంగారానివే. ఇబ్బందిగా ఉందని పక్కన పెడితే ఆయనలో మిగిలేది తక్కువ.

రేకుల మీద రాగం పేరుంటుంది కానీ స్వరం ఉండదు. ఇప్పుడు మనం పాడే వరసలు తర్వాతివాళ్లు కట్టినవి. అందుకేనేమో అక్క వరస కంటే మాటకే పట్టుబడుతుంది. కొన్నాళ్లు పాటే లేదు, పదాలు విడగొట్టి చదవడమే. చరణంలో నాయిక కడకన్నులు ఎర్రబడి ఉంటాయి. స్వామి మీద నాటిన చూపుల్ని పెరికినప్పుడు అంటిన నెత్తురు కాదు కదా అంటారు చెలులు. అంటే ఆ నెత్తురు ఆమెది కాదు, స్వామిది! దేవుడి కోసం భక్తుడు ఏడవడం చాలా పాటల్లో విన్నాను. ప్రేమలో దేవుడికే దెబ్బ తగిలిందనడం నాకు ఇక్కడే తగిలింది. పైగా ఇందులో మేం నాయిక కానక్కర్లేదు, పక్కన నిలబడి చూసే చెలులం. ఆ మాట తోచాక సిగ్గు సగం పోయింది.

మిగిలింది 'కాదుకదా'. దాన్ని మేం గోవింద కొట్టినంత గట్టిగా ముగించేవాళ్లం. "తీర్పు చెప్తున్నారా అన్నా? అనుమానం ఉండాల గొంతులో" అని అక్క ఆ ఒక్క మాట దగ్గరే ఎన్నిసార్లు ఆపిందో!

భజన మండళ్లన్నీ పాడుకుంటూ కాలినడకన తిరుమల కొండెక్కే మెట్లోత్సవం రోజు తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లపూజ చేసి బయల్దేరాం. గాలిగోపురం దాకా నిటారు ఎక్కుడు. అక్కడ ఈ పాట సాగదు, ఊపిరి చాలదు, గోవింద నామాలే దిక్కు. గోపురం దాటి దారి కాస్త సర్దుకున్నాక అక్క పల్లవి ఎత్తుకుంది, మేం అందుకున్నాం. పక్కనే నడుస్తున్న కోలాటం వాళ్లు ఉత్సాహంగా కట్టెలతో తాళం కలిపారు. వాళ్ల వేగానికి చరణం పరుగందుకుంది. అక్క ముఖం చూడాల్సింది. అయినా 'కాదుకదా' మాత్రం అనుమానంగానే పలికింది.

తత్వం అడిగిన పెద్దాయన ఈ పాటకు ఇప్పటికీ నోరు విప్పడు, తాళం వేస్తాడంతే. అక్కా బలవంతం చేయదు. తర్వాత నేర్చుకోబోయేది అమ్మవారు అలిగి స్వామిని దెప్పే పాట. దానికైతే ఆయన రెడీ అంటున్నాడు.