క్లోమం మొరాయించాక నా భోజనం

నాకు దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్, అంటే పొట్టలో జీర్ణరసాలు తయారుచేసే క్లోమానికి ఏళ్ల తరబడి ఉండే వాపు జబ్బు, అని తేలినప్పుడు చుట్టాల నోట మొదట వచ్చిన మాట, "తాగుడు అలవాటు లేని ఆడమనిషికి ఆ జబ్బేంటి?" అని. చాలా బాధేసింది. మద్యం పెద్ద కారణమే, పొగాకు కూడా. కానీ పిత్తాశయంలో రాళ్లు, రక్తంలో విపరీతంగా పెరిగిన ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు), కొందరిలో జన్యువులు కూడా కారణం కావచ్చు. నాకు వీటిలో ఏదీ దొరకలేదు. సీటీ స్కాన్‌లో మాత్రం క్లోమనాళంలో రాళ్లు కనబడ్డాయి. మద్యంతో సంబంధం లేకుండా ఇలా రాళ్లు కట్టే రకం మన దక్షిణాదిలో ఎప్పటినుంచో ఉందట. ఈ జబ్బున్నవాళ్లని పలకరించడానికి వెళ్తే దయచేసి ఆ ప్రశ్న మాత్రం వేయకండి.

మాది విశాఖలో మర్రిపాలెం వైపు. స్కూల్లో పాఠాలు చెబుతాను. నొప్పి పైకడుపులో మొదలై వీపులోకి పొడిచేది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తెరిపి. అది వచ్చినప్పుడు ఆసుపత్రి ఉంది. రోజూ వేధించింది మాత్రం తిండి. మొదట చేరిన ఆసుపత్రిలో ఇంటికి పంపిస్తూ రాసిచ్చిన కాగితంలో "నూనె, నెయ్యి, పాలు బంద్" అని ఒక్క ముక్క ఉంది. పథ్యం పెట్టడంలో మా అత్తయ్య గట్టి మనిషి. తాలింపు లేని ఆనపకాయ, బీరకాయ, చారన్నం, ఇడ్లీ. నెలల తరబడి అదే. నొప్పి తగ్గింది గానీ మనిషిని సగమైపోయాను. జాకెట్లన్నీ కుట్టు వేయించుకోవాల్సి వచ్చింది. విరేచనం లేత రంగులో, జిడ్డుగా, నీళ్లు పోసినా పోకుండా తేలేది. ఇది సిగ్గుపడి దాచుకునే సంగతి కాదు. నేను విడమరిచి చెప్పబట్టే గ్యాస్ట్రో డాక్టరుగారు మలంలో ఎలాస్టేజ్ (క్లోమం తయారుచేసే ఒక ఎంజైమ్) పరీక్ష రాశారు. గ్రాముకి 200 మైక్రోగ్రాముల కన్నా తగ్గితే క్లోమం జీర్ణరసాలు సరిగా ఇవ్వట్లేదని అనుమానిస్తారు. నాది 100 కూడా లేదు.

అంటే నేను తింటున్న కొంచెం కొవ్వూ అరగకుండానే పోతోంది. దాంతోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతున్నాయి. డైటీషియన్ అమ్మాయి నా చీటీ చూసి, "ఇంకా ఏం మానేస్తారు మేడమ్? ఇప్పుడు తిన్నది అరిగే ఏర్పాటు చేద్దాం" అంది. అప్పటిదాకా ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

ఆ ఏర్పాటే ఎంజైమ్ క్యాప్సూల్స్, అంటే క్లోమం ఇవ్వలేని జీర్ణరసాల పని చేసే మందు. నాకు భోజనానికి 25,000 యూనిట్లవి రెండు, పాలు కలిసిన టిఫినుకి ఒకటి రాశారు. మోతాదు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, డాక్టరే చెప్పాలి. ముఖ్యమైంది వేసుకునే సమయం. పరగడుపున కాదు, తిన్నాక గుర్తొచ్చినప్పుడూ కాదు. మొదటి ముద్దతో ఒకటి, సగం భోజనంలో ఇంకొకటి, చన్నీళ్లతో. నమలకూడదు, లోపలి గింజలు నలపకూడదు, వేడి వేడి అన్నంలో అసలు కలపకూడదు. ఎండకి మందు బలం తగ్గిపోతుంది. వేసవిలో మన విశాఖ ఉక్కపోత తెలిసిందే కదా, అందుకే స్కూటీ డిక్కీలో పెట్టను. స్కూల్లో నీడపట్టున ఉన్న బీరువాలో ఒక డబ్బా ఉంచాను.

ఈ క్యాప్సూల్స్ పంది క్లోమం నుంచి తీస్తారు. మాది గుడ్డు కూడా వండని ఇల్లు. చెప్పకుండా వేసుకోవడం నాకు ఇష్టం లేక అత్తయ్యకే ముందు చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ప్రాణం నిలబెట్టే మందుకి మడేంటమ్మా, వేసుకో" అన్నారు. ఆ రోజు నుంచి కంచం పక్కన గ్లాసుతోపాటు ఆ డబ్బా కూడా ఆవిడే పెడుతున్నారు. మతం వల్లో ఆచారం వల్లో ఇబ్బంది ఉన్నవాళ్లు మందు మానేయకుండా డాక్టరుతో మాట్లాడండి.

ఇప్పుడు మూడు పూటల బదులు అయిదారుసార్లు కొద్దికొద్దిగా తింటాను. పప్పులో తాలింపు వచ్చింది, గడ్డపెరుగు వచ్చింది, పనీర్ వచ్చింది. కండ పట్టాలంటే ప్రోటీను బాగా కావాలి. అందరూ కొర్రలు, సామలు, పచ్చికూరలు తినమని సలహా ఇస్తుంటారు. పీచు మరీ ఎక్కువైతే ఎంజైమ్‌ల పనికి అడ్డు పడుతుంది కాబట్టి నేను మితంగానే తింటాను. బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీలు మాత్రం నాకు పడవు, వాటి జోలికి పోను. మొన్న పెళ్లిలో మాడుగుల హల్వా వడ్డించారు. మందు పక్కన పెట్టుకుని చిన్న ముక్క తిన్నాను, ఏ ఇబ్బందీ రాలేదు.

నొప్పితోపాటు వాంతులు మొదలైతే గంజి తాగి చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. క్లోమమే ఇన్సులిన్ ఇచ్చేది కాబట్టి ఈ జబ్బు ముదిరితే షుగర్ కూడా రావచ్చు. అందుకని ఏటా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష), విటమిన్ డి చేయించుకుంటున్నాను. ఎముకల గట్టిదనానికి డెక్సా స్కాన్ కూడా రాశారు, దసరా సెలవుల్లో వెళ్లాలి.