మొక్కల అమ్మకం, ఓపెన్ డే: మా 10 వారాల లెక్క

మొక్కల అమ్మకం, ఓపెన్ డే (తోటను అందరికీ తెరిచి చూపించే రోజు) అనగానే బ్యానరు ఎవరు రాయిస్తారు, టెంటు ఎవరు తెస్తారు అన్న మాటలతోనే మొదటి సమావేశం అయిపోతుంది. అవన్నీ ఆఖరి వారంలో తేల్చుకున్నా నడుస్తుంది. నడవనిది మొక్క ఒక్కటే. 8 వారాలు పట్టే మిరప నారు ఎంత బతిమాలినా 4 వారాల్లో అందిరాదు. అందుకే సభ్యులకు తలో మడి ఉండే మా ఉమ్మడి తోటలో ముందు అమ్మకం తేదీ రాసుకుని, అక్కణ్ణుంచి క్యాలెండరు వెనక్కి తిప్పుతాం.

తేదీ పెట్టుకోవడానికి మేము చూసేది ఒక్కటే: కొన్నవాళ్లు ఆ మొక్కను అదే రోజు నేలలో పెట్టగలగాలి. మంచు కురిసే చోట ఆఖరి మంచు గడువు దాటాకే. వానల మీద ఆధారపడే చోట తొలకరి పడ్డాక. అదనుకు రెండు వారాలు ముందు పెడితే మొక్కలు కొన్నవాళ్ల ఇళ్లలో చస్తాయి. మూడు వారాలు ఆలస్యమైతే అందరూ అప్పటికే నాటేసుకుని ఉంటారు.

వంగ, మిరప 8 నుంచి 10 వారాల ముందు విత్తుతాం. టమాటా, బంతి 6 నుంచి 8 వారాలు. దోస, గుమ్మడి, సొర 3 నుంచి 4 వారాలే. తొందరపడి ముందు పోస్తే పాదు మొక్కలు అమ్మకం నాటికి తీగలు సాగి ఒకదానికొకటి చుట్టుకుంటాయి, విడదీస్తే విరుగుతాయి. పైగా వీటికి వేరు కదిలితే పడదు కాబట్టి ట్రేలో పోయకుండా నేరుగా అమ్మే కుండీలోనే ఒక్కో గింజ పెడతాం. పుదీనా కొమ్మలకు 4 వారాలు చాలు. బహువార్షిక పూల మొక్కల పిలకలు విడదీసి పెట్టేటట్లయితే కనీసం 6 వారాలు కావాలి. నిన్న విడదీసి ఇవాళ అమ్మే పిలకకు కొత్త వేళ్లు ఇంకా పట్టి ఉండవు, ఆకులు మాత్రం బాగుంటాయి. ఆ ఆకులు చూసే జనం మోసపోతారు.

ఎన్ని గింజలు పోయాలన్నది చాలా తోటల్లో నోటి లెక్క. మా లెక్క ఇది. 100 గింజల్లో 80 మొలుస్తాయనుకుందాం. కుండీలోకి మార్చాక, ఆ తర్వాతి వారాల్లో మిగిలేవి అందులో 85 శాతం. వాటిలో అమ్మకానికి పెట్టదగ్గవి 90 శాతం. మూడూ గుణిస్తే 61 వస్తుంది. అంటే 100 మంచి మొక్కలు బల్ల మీదికి రావాలంటే 165 గింజలు పోయాలి. పాత గింజలైతే ముందే పది గింజలు తడి కాగితంలో చుట్టి మొలక శాతం చూసుకుంటాం. అన్నీ ఒకే రోజు విత్తం కూడా. సగం ఈ వారం, సగం వచ్చే వారం. ఒక విడత నారుకుళ్లుకు పోయినా రెండోది ఆదుకుంటుంది.

నారుకుళ్లు మాట వచ్చింది కాబట్టి దాని సంగతి. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక పొద్దునకు పక్కకు పడి ఉంటుంది. దగ్గరగా చూస్తే కాండం మట్టిని తాకే చోట నీళ్లలో నానినట్టు మెత్తబడి దారంలా సన్నబడి ఉంటుంది, పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. పడినదాన్ని బతికించలేం. ట్రేలో ఒక మూల మొదలైందంటే ఆ మూల మట్టితో సహా తీసి పారేసి మిగతాదానికి నీళ్లు తగ్గిస్తాం. ఒత్తుగా విత్తడం, రాత్రిపూట తడి నిలవడం, గాలి ఆడకపోవడం, కడగని పాత ట్రేలు దీనికి కారణాలు. అందుకే పాత ట్రేలు, కుండీలు ముందు మట్టి పోయేలా రుద్ది కడిగి, ఒక పాలు ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి అందులో 10 నిమిషాలు ముంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి ఆరబెడతాం. మట్టి వదలకుండా ముంచితే ఆ ద్రావణం మట్టికే ఖర్చయిపోతుంది.

కుండీల్లో నింపే మిశ్రమం ఎంత కావాలో కూడా ముందే కట్టుకోవచ్చు. 9 సెంటీమీటర్ల గుండ్రటి కుండీలో సుమారు 350 మిల్లీలీటర్లు పడుతుంది. 400 కుండీలకు 140 లీటర్లు. అణిగేది, ఒలికేది కలుపుకుని 160 లీటర్లు పెట్టుకోవాలి. మేము కలిపేది కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, బాగా మాగి జల్లించిన కంపోస్టు ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళ్లు) ఒక పాలు. అంటే కోకోపీట్ 80 లీటర్లు. అదిమి కట్టిన 5 కిలోల కోకోపీట్ ఇటుక నానితే సుమారు 65 నుంచి 75 లీటర్లు అవుతుంది కాబట్టి ఒకటి చాలదు, రెండు తెచ్చుకోవాలి. కోకోపీట్‌ను రెండు మూడు నీళ్లు మార్చి ఉప్పు పోయేలా కడగాలి. కడగకుండా వాడితే ఆకుల అంచులు మాడతాయి, అది ఎరువు లోపమనుకుని ఇంకా ఎరువు వేస్తారు. పెర్లైట్ దొరక్కపోతే గరుకు ఇసుక వాడొచ్చు కానీ ఆ బరువుకు 18 కుండీల ట్రే ఎత్తేవాళ్ల నడుములు పట్టేస్తాయి.

మొలకెత్తగానే కనబడే గింజాకుల తర్వాత, మొదటి అసలు ఆకులు జత కట్టాక నారును కుండీల్లోకి మారుస్తాం. ఆకు పట్టుకునే ఎత్తాలి, కాండం కాదు. ఆకు నలిగితే ఇంకొకటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. టమాటాను గింజాకుల వరకు లోతుగా పెడతాం, పూడిన కాండం నుంచి వేళ్లు వస్తాయి. మిరప, వంగ ఉన్న లోతులోనే. పొగాకు ముట్టిన చేతులతో టమాటా, మిరప పట్టుకోనివ్వం. పొగాకు మొజాయిక్ వైరస్ చేతుల నుంచి కూడా అంటుకుంటుంది, అంటుకున్నాక మందు లేదు. సబ్బుతో కడుక్కుని రమ్మంటాం, ఎవరైనా నొచ్చుకున్నా సరే.

రకాల విషయంలో నా అభిప్రాయం కాస్త కటువు. పన్నెండు రకాల టమాటా పెడితే గొప్పగా ఉంటుంది, బల్ల దగ్గర మాత్రం జనం తేల్చుకోలేక నిలబడిపోతారు. మూడు చాలు: పొట్టిగా గుబురుగా పెరిగేది ఒకటి, ఊతం కావలసిన పొడుగుది ఒకటి, చిన్న కాయలది ఒకటి. సొంత గింజలతో ఇంకో చిక్కు ఉంది. ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాలను కలిపి తీసిన మొదటి తరం సంకరం) కాయ గింజ తల్లిలా రాదు. పక్కపక్కన పెరిగిన మిరప రకాలు కలిసిపోయి తియ్యటిది అనుకున్నది ఘాటుగా కాయొచ్చు. గుమ్మడి జాతుల్లో ఇది ప్రమాదమే. అలంకరణ గుమ్మళ్లతో పరాగం కలిసిన గింజ నుంచి విపరీతమైన చేదు కాయలు రావచ్చు. ఆ చేదు కుకుర్బిటాసిన్, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కాబట్టి పాదు మొక్కలకు మా సొంత గింజ వాడం, ప్యాకెట్ గింజే.

సభ్యులు ఇళ్ల నుంచి తెచ్చే మొక్కలు వద్దనలేం, అలాగని నేరుగా బల్ల మీద పెట్టలేం. రెండు వారాల ముందే తెచ్చి వేరుగా పెట్టాలన్నది నియమం. ఆకు తిప్పి చూస్తే తెల్లదోమ, పేనుబంక బయటపడతాయి. ఆకు కాడల మూలల్లో పిండినల్లి ఉంటుంది. నేలలోంచి తవ్వి తెచ్చినవైతే మట్టంతా కడిగి కొత్త మిశ్రమంలో పెడతాం, ఎందుకంటే వేళ్లను పట్టే నులిపురుగులు మట్టితోనే ప్రయాణం చేస్తాయి. వేళ్ల మీద బుడిపెలు కనబడితే ఆ మొక్క కంపోస్టులోకి కూడా వెళ్లదు, చెత్తలోకే. లాంటానాలా చుట్టుపక్కల అల్లుకుపోయేవి తీసుకోం. గన్నేరు, ఉమ్మెత్త లాంటి విషపు మొక్కలు పిల్లలు తిరిగే చోట మాకొద్దు. పేటెంటు, రకం హక్కులు ఉన్న మొక్కల కొమ్మలు నాటి అమ్మడం చాలా దేశాల్లో చట్టానికి విరుద్ధం కాబట్టి పేరు తెలియని గులాబీ కొమ్మల జోలికి పోం. మొక్కలు అమ్మడానికి అనుమతో, ఆరోగ్య పత్రమో కావాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. వ్యవసాయ శాఖ కార్యాలయంలో 10 వారాల ముందే అడిగేస్తాం.

ఆఖరి 10 రోజులూ మొక్కను గట్టిపరచడానికి. ఎవరూ చేయాలనుకోని పని ఇదే. నీడలో పెరిగిన నారును మొదటి రోజు 2 గంటలు బయట నీడలో ఉంచి లోపలికి తెస్తాం. రోజూ ఒక గంట, గంటన్నర పెంచుతూ, నాలుగో రోజు నుంచి పొద్దుటి ఎండ, ఎనిమిదో రోజుకు పూర్తి ఎండ, ఆ తర్వాత రాత్రి కూడా బయటే. ఆ రోజుల్లో నత్రజని ఎరువు ఆపేస్తాం, నీళ్లు కొంచెం తగ్గిస్తాం కానీ మొక్కను వాడిపోనివ్వం. ఇది ఎగ్గొడితే అమ్మకం రోజు ఏమీ తెలియదు. రెండు రోజులకు కొన్నవాళ్ల ఇంట్లో ఆకుల మీద తెల్లటి కాగితం లాంటి మచ్చలు లేస్తాయి. అది ఎండదెబ్బ. వాళ్లు తెగులనుకుంటారు, మళ్లీ మన దగ్గరికి రారు.

పేరు చీటీ ప్రతి కుండీకీ ఉండాలి. ట్రేకు ఒకటి పెడితే మొదటి పది నిమిషాల్లోనే జనం కుండీ తీసి చూసి ఇంకో ట్రేలో పెట్టేస్తారు, ఇక ఏది ఏదో ఎవరికీ తెలియదు. మెత్తటి పెన్సిల్‌తో ప్లాస్టిక్ చీటీ మీద రాస్తాం. పర్మనెంట్ మార్కరు పేరుకే పర్మనెంటు, ఎండకు వెలిసిపోతుంది. రకం పేరు, ఎంత ఎత్తు, ఎంత ఎడం, ఎండా నీడా, ఇంతే. 400 చీటీలు ఒక్క సాయంత్రంలో అవ్వవు, నలుగురు రెండు సాయంత్రాలు కూర్చోవాలి.

ధరలు మూడే మెట్లుగా పెట్టుకుంటాం, చిల్లర సులువుగా తేలేలా. మెట్టుకో రంగు వేసిన ఐస్‌క్రీమ్ పుల్ల కుండీలో గుచ్చి ఉంటుంది. స్టిక్కర్లు తడి కుండీ మీద నిలవవు. డబ్బు బల్ల దగ్గర ఒకరు పుల్లలు పీకి రంగుల వారీగా లెక్క చెబుతారు, ఇంకొకరు డబ్బు తీసుకుంటారు. పీకిన పుల్లలు మూడు డబ్బాల్లో పడతాయి. సాయంత్రం పుల్లలు లెక్కపెడితే ఎంత రావాలో తెలుస్తుంది, ఫోన్ చెల్లింపులు, నగదు కలిపి దానితో సరిచూస్తాం. పీకిన పుల్ల వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. చిల్లర ముందురోజే తెచ్చుకోవాలి, ఎందుకంటే మొదటి పదిమందీ పెద్ద నోట్లతోనే వస్తారు. తోటలో సిగ్నల్ అందకపోతే ఫోన్ చెల్లింపు బల్ల గేటు దగ్గరికి జరపాలి. ఇది ముందు వారమే అక్కడ నిలబడి చూసుకోవలసిన విషయం.

ఆరడుగుల బల్ల మీద 18 కుండీల ట్రేలు ఆరు పడతాయి, అంటే 108 మొక్కలు. 400 మొక్కలకు నాలుగు బల్లలు. బల్లల మధ్య మీటరున్నర దారి వదలకపోతే చక్రాల కుర్చీ, తోపుడు బండి ఎదురెదురు పడినప్పుడు వరసంతా ఆగిపోతుంది. లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి, బయటి దారిలో డబ్బు బల్ల. మొక్కల గురించి చెప్పగలిగినవాళ్లను డబ్బు దగ్గర కూర్చోబెట్టకూడదు, ఒక్కరు ప్రశ్న అడిగితే వెనక ఇరవైమంది నిలబడాలి. కొన్న మొక్కలు పెట్టేసి తోట చూసి రావడానికి నీడలో ఒక చోటు, అంకెల టోకెన్లు ఏర్పాటు చేస్తే జనం ఇంకాస్త కొంటారు. చేతులు నిండినవాళ్లు ఇక కొనరు కదా. అట్టపెట్టెలు నెల ముందు నుంచే పోగేస్తాం.

తోట చూపించే భాగం తేలిగ్గా కనబడుతుంది కానీ దెబ్బలు తగిలేది అక్కడే. వంగి చూసేవాళ్ల కంటికి ఊతకర్రల కొసలు తగలకుండా ప్రతి కర్రకూ చిన్న సీసా గాని బంతి గాని తొడుగుతాం. దారిలో నీళ్ల పైపు పరవం. నీళ్ల తొట్టికి మూత, మందుల గదికి తాళం. ఎవరి మడి వాళ్లు చూపించడం ఇష్టమో కాదో ముందే అడిగి, ఇష్టం లేని మడికి తాడు కడతాం. గైడుతో తిరిగే విడత 20 నిమిషాలు, 12 మంది, అంతకు మించితే వెనకవాళ్లకు వినబడదు. అన్నిటికన్నా జనం నిలబడేది కంపోస్టు కుప్ప దగ్గర. బాగా కట్టిన కుప్ప మధ్యలో 55 నుంచి 65 డిగ్రీల వేడి ఉంటుంది. పొడుగాటి థర్మామీటరు గుచ్చి, ముల్లు పైకి లేవడం చూపిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. వాన కన్నా గాలి ప్రమాదం: టెంటు ప్రతి కాలికీ 20 లీటర్ల నీళ్ల క్యాను కడితే 20 కిలోల బరువు. మేకులు మాత్రమే అయితే మెత్తటి నేలలోంచి లేచిపోతాయి.

ముందురోజు సాయంత్రం నిండుగా నీళ్లు పెట్టి, పొద్దున తలుపులు తెరవడానికి గంటన్నర ముందు తేలిగ్గా పెడతాం. సరిగ్గా తెరిచే ముందు పెడితే సంచులు కారుతాయి. ఎండలో బల్ల మీది 9 సెంటీమీటర్ల కుండీ సగం పూటలో ఎండిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం తడపడానికి ఒకరి పేరు రాసి ఉండాలి. పొద్దున రకానికి రెండు కుండీలు తిరగేసి తట్టి చూస్తాం. తెల్లటి వేళ్లు మట్టిని ముద్దలా పట్టుకుని ఉంటే సరే. మట్టి రాలిపోతే ఆ రకం ఇంకా సిద్ధం కాలేదు, బల్ల మీదికి రాదు. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి వాసన వస్తే నీళ్లు ఎక్కువైనట్టు.

మొదటి గంటలోనే సగం పైగా వెళ్లిపోతాయి. అందుకే తెరిచేటప్పుడు అరవై శాతమే బల్ల మీద పెట్టి, మిగతాది వెనక నీడలో దాచి గంటగంటకూ నింపుతాం. మొదటి అరగంట మనిషికి రకానికి ఆరు మొక్కలకు మించి ఇవ్వం. వాలంటీర్లు ముందురోజే కొనుక్కోవచ్చు గానీ అదే ఆరు, అదే ధర. ఈ నియమం రాతలో లేకపోతే మంచి మొక్కలన్నీ తెరవక ముందే మాయమవుతాయి, గొడవ సభ్యుల మధ్యే జరుగుతుంది.

ఆఖరి గంటలో పాదు మొక్కల ధర తగ్గించేస్తాం. టమాటా, మిరప మిగిలినా ఇంకో రెండు వారాలు పెద్ద కుండీలో ఆగుతాయి, దోస ఆగదు. కుండీలో వేళ్లు చుట్టుకుపోయాక నాటినా సరిగ్గా కాయదు. అప్పటికీ మిగిలితే ఖాళీ మడులున్న సభ్యులకు ఆ సాయంత్రమే పంచి, కుండీలు అక్కడికక్కడే వెనక్కి తీసుకుంటాం. ఏ ట్రే ఏ గంటకు ఖాళీ అయిందో గోడకు తగిలించిన కాగితం మీద గీతలు పెట్టి ఉంటాయి. వచ్చే ఏడాది 165 గింజలు ఏ రకానివి పోయాలో ఆ కాగితం చూసే రాసుకుంటాం.