చేతులు పని చేస్తున్నాయా లేదా

శనివారం, హనుమకొండ. పొద్దంతా ముసురు, టీవీ ముందే గడిచింది. కాబట్టి ఈ పేజీ అంతా సినిమాలూ సీరియళ్లే.

మధ్యాహ్నం ‘మల్లేశం’ మళ్లీ చూశాను. 2019లో వచ్చింది. ప్రియదర్శి బాగా చేశాడు, కానీ నా దృష్టిలో ఆ సినిమాను మోసింది తల్లి లక్ష్మిగా చేసిన ఝాన్సీ భుజం. ఆసు పోయడం, అంటే చీర నేసే ముందు పోగును మేకులకు చుట్టడం, ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా ఆ నొప్పి అర్థమవుతుంది. ఒక పక్క అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, ఎదురుగా ఇంకో మేకు. పోగును ఇటు నుంచి అటు తీసుకెళ్లి చుట్టి, మళ్లీ వెనక్కి తెచ్చి పక్క మేకుకు వేయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరుగుతుంది. వరుస తప్పిందా, చిటికి కట్టి (పోగుల్ని అక్కడక్కడ ముడులుగా బిగించి) రంగు అద్దాక డిజైన్ చెదిరిపోతుంది. అందుకే కళ్లు కూడా చేతివెంటే తిరగాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. చివరి చిక్కు బాలానగర్‌లో వేరే యంత్రం కదలిక చూశాక విడింది. సినిమాలో యంత్రానికి ఇంకో పది నిమిషాలు ఇవ్వాల్సింది. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నదే కదా ఆయన జీవితం!

‘బలగం’ గురించి అందరూ ఏడుపు గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ సినిమా బలమంతా విస్తరి దగ్గరే ఉంది. చనిపోయినాయనకు ఇష్టమైనవన్నీ వండి పెట్టి, దూరం జరిగి, అందరూ చెట్టు వైపు చూస్తుంటారు. పిట్ట ముట్టదు. దర్శకుడు వేణు యెల్దండి అక్కడ తొందరపడలేదు, ఆ ఎదురుచూపుకు కావలసినంత సేపు ఇచ్చాడు. నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన పంచాయితీ ఇరవై ఏళ్లు సాగడం కూడా మన పెళ్లి బంతులు చూసినవాళ్లు నమ్ముతారు. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మల పాట లేకపోతే ఆ ముగింపు అంత దూరం వచ్చేది కాదు. పాడిన ఆయన, ఆమె వరంగల్ జిల్లా వాళ్లే.

బొగ్గు గనుల పక్క ఊరి కథ ‘దసరా’లో నాని మాట, నడక రెండూ కుదిరాయి. మసి మాత్రం కుదరలేదు. మొహమంతా ఒకే రంగులో పూసినట్టుంది. బొగ్గు పొడి అలా పట్టదు. స్నానం చేశాక కూడా రెప్పల అంచున కాటుకలా మిగులుతుంది, గోళ్ల మూలల్లో, మెడ ముడతల్లో గీతలుగా నిలుస్తుంది. గోదావరిఖని బస్సెక్కిన ఎవరికైనా తెలిసిన సంగతే.

‘ఫిదా’కు ఒక్క మాట చాలు: సాయిపల్లవి సొంత గొంతుతో డబ్బింగ్ చెప్పుకోకపోతే భానుమతి లేదు.

సాయంత్రం సీరియళ్లు. అరగంటలో ప్రకటనలు పోను ఇరవై నిమిషాలు మిగులుతుంది, అందులో నిన్నటి ముక్క కొంత. సీరియల్ వంటింట్లో పొయ్యి వెలగకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఒకే మాటను ముగ్గురి మొహాల మీద విడివిడిగా తీస్తారు. చేతిలో ఉల్లిగడ్డ ఉంటే ప్రతి షాటుకూ అది అంతే తరిగి ఉండాలి, లేకపోతే అతుకు తెలిసిపోతుంది. రోజూ ఎపిసోడ్ ఇవ్వాల్సిన యూనిట్‌కు అంత తీరిక ఎక్కడిది? కాబట్టి చేతుల్ని ఫ్రేమ్ బయటికి నెట్టేస్తారు. అయినా ‘కార్తీకదీపం’ 2017 నుంచి 2023 దాకా నిలిచిందంటే ప్రేమి విశ్వనాథ్ కళ్ల వల్లే. మలయాళ మాతృక ‘కరుత్తముత్తు’లోనూ ఆమే చేసింది కాబట్టి, ఏ మాట దగ్గర తల దించుకోవాలో, ఎక్కడ కళ్లలోకి సూటిగా చూడాలో ఆమెకు ముందే పట్టుబడింది.

రాత్రికి ‘దాసి’. బి.నర్సింగరావు తీసిన 1988 నాటి సినిమా. ఊడ్వడం, నీళ్లు మోయడం, దొర పిలిస్తే వెళ్లడం, ఈ మూడింటినీ అర్చన ఒకే అలసటతో చేస్తుంది. ఉత్తమ నటి జాతీయ అవార్డు ఆమెకు అందుకే దక్కిందనుకుంటాను. కళా దర్శకత్వానికీ వచ్చింది, అది చేసింది ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి చిత్రకారుడు తోట వైకుంఠం. దొర ఉండే గడీలో సామాను అలంకారంగా పెట్టినట్టుండదు, రోజూ ఎవరో తోమి, మోసి, మళ్లీ అక్కడే పెట్టినట్టుంటుంది. దీన్ని ఫోను పక్కన పడేసి చూడాలి. మాటలు తక్కువ, వంట చేసుకుంటూ చెవితో వింటే కథ చేజారుతుంది.