పక్షుల సైటు, ఆరో వారం: కంటెంట్ టైపులు మళ్లీ మొదటి నుంచి

ఈ వారం కొత్తగా ఏమీ రాయలేదు. ఉన్నవాటిని కంటెంట్ టైపులుగా, అంటే సమాచారపు రకాలుగా, విడదీసి మళ్లీ పేర్చడానికే నాలుగు సాయంత్రాలు పట్టింది.

సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. మొదట్లో, చూసిన పక్షుల వివరాలన్నీ మామూలు పోస్టులుగానే రాసేశాను. తేదీ, చోటు, లెక్క, పక్షి గురించి నాలుగు ముక్కలు, అంతా ఒకే పెట్టెలో. 34 పోస్టులయ్యాక, పెద్ద తెల్లకొంగ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కనబడిందో చూద్దామంటే ఒక్కొక్కటీ తెరిచి చదవాల్సొచ్చింది.

అందుకని కాగితం ముందేసుకుని, పాత పోస్టుల్లో వచ్చిన వస్తువులన్నీ రాసుకున్నాను. దీనికి సొంత పేజీ కావాలా, దీనికంటూ వివరాలున్నాయా అని ఒక్కోదాన్నీ అడిగాను. ఫోటోకి అక్కర్లేదు, అది ఒక ఫీల్డ్ (వివరం నింపే గడి) చాలు. రుతువు వడపోతకే పనికొస్తుంది కాబట్టి ట్యాక్సానమీ, అంటే పోస్టుల్ని గుంపులుగా చేసే వర్గీకరణ. చోటు దగ్గర చాలాసేపు ఆగాను. దారి, వెళ్లాల్సిన వేళ, నీళ్లుండే నెలలు రాయాలి కదా, అందుకే దాన్నీ టైపే చేశాను. చివరికి మూడు మిగిలాయి: పక్షి, చోటు, పరిశీలన. పరిశీలన మిగతా రెండింటికీ లింకవుతుంది.

ఆ లింకు విలువ శాస్త్రీయ నామం దగ్గర తెలిసింది. పెద్ద తెల్లకొంగను ఒకప్పుడు ఎగ్రెట్టా ఆల్బా అనేవారు, ఇప్పుడు ఆర్డియా ఆల్బా. నేను పాత పేరే ఏడు పోస్టుల్లో ఎక్కించాను. ఇక పక్షి పేజీలో ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

లెక్క ఫీల్డ్ ఇంకాస్త ఆలోచింపజేసింది. నా నోట్సులో "పది పన్నెండు" అని ఉంటే అంకెల ఫీల్డ్ తీసుకోదు. పదకొండని వేస్తే చూడనిది రాసినట్టే. కనిష్ఠం, గరిష్ఠం అని రెండు ఫీల్డులు పెట్టాను. కచ్చితంగా తెలిస్తే రెండింట్లోనూ ఒకే అంకె. తేదీ మాత్రం 20240317లా ఏడాది ముందొచ్చేలా దాస్తున్నాను, వరస ఎప్పుడూ తప్పదు.

ఇలా మనమే తయారుచేసుకునే టైపుల్ని వర్డ్‌ప్రెస్‌లో కస్టమ్ పోస్ట్ టైపులంటారు, అవి 2010లో వచ్చిన 3.0 నుంచీ ఉన్నాయి. టైపు పేరు 20 అక్షరాలు దాటకూడదు. ఆ పేరు ముందే బాగా ఆలోచించి పెట్టుకోండి. నేను మధ్యలో మార్చేసరికి అప్పటిదాకా ఎక్కించినవన్నీ డాష్‌బోర్డులో మాయమయ్యాయి. డేటాబేస్‌లో పాత పేరుతో భద్రంగానే ఉన్నాయి గానీ, ఆ పది నిమిషాలూ గుండె జారిపోయింది. కొత్త టైపు పేజీలు 404 (పేజీ దొరకలేదు) చూపిస్తే సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ (పేజీల చిరునామాలు) తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ కొట్టండి.

34 పోస్టుల్లో 11 కొత్త పద్ధతికి మారాయి. మిగిలిన 23 చేత్తోనే మారుస్తాను, ఎందుకంటే లెక్కలు మళ్లీ నోట్సుతో సరిచూసుకోవాలి.